కాపలా గుడిసెకు డోరు నంబరు

విస్సన్నపేట సెంటర్లో సాయంత్రం ఐదున్నర. ఏప్రిల్ చివరి వారం ఎండ ఇంకా దిగలేదు. నూజివీడు నుంచి తిరువూరు పోయే బస్సు ఆగి జనాన్ని ఎక్కించుకునేలోపే దాని వెనక నాలుగు ట్రాలీ ఆటోలు హారన్లు కొడుతున్నాయి. ఆటోల నిండా ప్లాస్టిక్ ట్రేలు, ట్రేలలో పరిచిన గడ్డి, గడ్డి మీద బంగినపల్లి కాయ. తొడిమ దగ్గర కారిన సొన ఆరిపోయి నల్లటి చారలు కట్టింది. రాత్రికి నున్న మార్కెట్టుకు చేరాల్సిన సరుకు. ఈ రోజుల్లో ఊరంతా కాయ మాటే. కాపు ఎంత, టన్ను ఎంత పలికింది, నల్ల తామర పురుగు ఎవరి తోటను ఎంత తిన్నది.

మనం వచ్చింది ఆ కాయకు కాపలా ఉండే మనుషుల కోసం. తోవ చూపించేది ఇద్దరు. ఒకరు అక్క. చుట్టుపక్కల తోటల్లో అందరూ ఆమెను అలాగే పిలుస్తారు, ఇక్కడా అలాగే రాస్తాను. యానాది గిరిజనుల బిడ్డ. డెల్టాలో కాలవ గట్టు మీద పుట్టి, ప్రభుత్వ హాస్టల్లో ఉండి పది దాకా చదువుకుంది. రెండోవారు మాస్టారు, బడిపంతులుగా చేసి రిటైరయ్యారు. అక్క భుజానికి గుడ్డ సంచి వేలాడుతోంది. అందులో లాంగ్ నోటుబుక్కు, వేలిముద్రల స్టాంప్ ప్యాడ్, జిప్పు కవర్లు, చార్జింగ్ లైటు, పిల్లల కోసం బెల్లం కలిపిన అటుకులు. "కాయితాలు ఒక్క వానకి తడిశాయంటే మావాళ్ల పని మళ్లీ మొదటికొస్తది" అంటుంది. అందుకే ఇంటికి రెండేసి కవర్లు పంచుతుంది.

బయల్దేరే ముందు బస్టాండు పక్కన మూతపడ్డ కొట్టు అరుగు దగ్గర ఆగుతాం. పెద్దాయన ఒకాయన కాళ్లు ముడుచుకుని పడుకుని ఉన్నాడు. గడ్డం మాసింది కానీ పంచె ఉతికినదే. అక్క పక్కనే గొంతుక్కూర్చుని "పెద్దయ్యా, బిళ్ల వేసుకున్నావా?" అని అడుగుతుంది. ఆయన పలకడు. ఎదురుగా టీ కొట్టు ఆవిడ చెయ్యూపి చెబుతుంది: "మధ్యాహ్నం నేనే వేశా. రాత్రిది ఇక్కడుంది." చక్కెర డబ్బా పక్కన ఇంకో చిన్న డబ్బాలో ఆయన మందులు. మతి స్థిమితం తప్పి రోడ్డు మీద తిరిగే మనిషిని తన రక్షణలోకి తీసుకుని, 24 గంటల్లోపు దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చే బాధ్యతను 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం పోలీసుల మీద పెట్టింది. అక్కకు ఆ వందో సెక్షన్ కంఠతా వచ్చు. పెద్దాయన ఆసుపత్రికి వెళ్లొచ్చాడు, మందులు వచ్చాయి. మరి పడక?

పడక దగ్గరే దారి మూసుకుపోతుంది. లక్ష జనాభాకు ఒక రాత్రి వసతి గృహమైనా ఉండాలని 2010లో సుప్రీంకోర్టు చెప్పింది పట్టణాల గురించి. 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ కింద కట్టిన షెల్టర్లు కూడా పట్టణాలకే. విస్సన్నపేట పంచాయతీ కాబట్టి ఆ లెక్కలోకి రాదు. 2011 జనగణనలో దేశం మొత్తం మీద ఇల్లూ వాకిలీ లేనివారు 17.73 లక్షల మంది అని తేలితే, అందులో 8.35 లక్షల మంది పల్లెల్లోనే ఉన్నారు. దాదాపు సగం. ఆ సగానికి షెల్టరు లేదు, అరుగులున్నాయి, టీ కొట్టు ఆవిడ లాంటివాళ్లున్నారు. ఈ పెద్దాయన కనీసం కళ్లకు కనిపిస్తున్నాడు. ఇప్పుడు మనం వెళ్లే చోట మనుషులు రోడ్డుకు కనపడరు.

రెండు బళ్ల మీద బయల్దేరాం. తారు రోడ్డు దిగి డొంకలోకి తిరగగానే గాలి మారుతుంది. రెండు పక్కలా తోటలే. పాత చెట్లు, కొమ్మలు నేలకు తగిలేంతగా వంగి ఉన్నాయి. చిన్న రసాలు, పెద్ద రసాలు, కలెక్టరు, అన్నిటికంటే ఎక్కువ బంగినపల్లి. కొన్ని చెట్లకు కాయకాయకూ కాగితం కవరు కట్టారు. లోపలికి పోయేకొద్దీ వెలుగు తగ్గిపోతోంది. దూరంగా ఎవరో రేకు డబ్బా మీద కర్రతో దబదబా కొడుతున్నారు, కోతులను తోలడానికి. ఆ చప్పుడును పట్టుకుని వెళ్తే గుడిసె దొరుకుతుంది. తోటల్లో ఇల్లు వెతకడానికి అక్క నేర్చుకున్న పద్ధతి ఇదే.

గుడిసె అంటే నాలుగు సర్వి కర్రలు, పైన తాటాకు, దాని మీద నీలం బరకం. మూడు పక్కల కొబ్బరాకుల దడి, నాలుగో పక్క తెరిపి. లోపల ఒక మడత మంచం, ఒక సిల్వరు బిందె, వాసానికి కట్టిన చీర ఉయ్యాల. పొయ్యి బయట. మూలన కోతకర్రలు నిలబెట్టి ఉన్నాయి, చివర వల చిక్కాలతో. వాటి పక్కనే వడిసెల. ఇక్కడికి కరెంటు లేదు. నీళ్లు బోరు వేసినప్పుడే.

ముసలాయన డబ్బా దించి మనవైపు చూశాడు. ముందు మాస్టారి చొక్కాను, తర్వాత నా చేతిలో పుస్తకాన్ని. అక్కను చూశాక గానీ భుజాలు కిందికి దిగలేదు.

"బాబాయ్, ఎలకలు పడతన్నారా ఈ మధ్య?"

"వరి చేలున్నప్పుడు కదమ్మా. ఈ మెట్టలో ఎక్కడ?" అని ఆయన ఈతాకు చాప పరిచాడు.

అక్క కాగితాల ఊసు ఎత్తలేదు. ఇంటిపేరు చెప్పింది, ఆయన ఇంటిపేరు అడిగింది. ఆమె మేనత్తను ఏ గట్టుకు ఇచ్చారో, ఆయన తోడల్లుడు ఏ చెరువు మీద ఉంటున్నాడో ఇద్దరూ కూడబలుక్కున్నారు. కాసేపటికి ఆయన భార్య అక్కకు వరసకు చిన్నమ్మ అయింది. కోడలు ఉయ్యాల ఊపుతూ వింటోంది. కొడుకు లోడుతో వెళ్లాడట. ఆరేళ్ల పిల్ల ఒకతె మాస్టారి చెప్పుల దగ్గర కూర్చుని అటుకులు తింటోంది. ఇదంతా అరగంట పైనే పట్టింది. దీన్ని కాలక్షేపం అనుకునేవాళ్లు ఈ పని చేయలేరు.

పుట్టినరోజులకు, వర్ధంతులకు బ్యానరు కట్టి అన్నం పొట్లాలు పంచేవాళ్లు సెంటరు దాకా వస్తారు. ఆకలికి అన్నం పెట్టడం గొప్ప పని, దానికి నేను చేతులెత్తి మొక్కుతాను. కానీ పొట్లం అందుకోవడానికి మనిషి రోడ్డు మీదికి రావాలి. కాపలా మనిషి రోడ్డు మీదికి రాకూడదు. అతని పనే రాకపోవడం.

"చిన్నమ్మా, మీ కాయితాలు ఒకసారి చూస్తా" అంది అక్క, లైటు వెలిగించి.

చిన్నమ్మ గుడిసె కప్పులోంచి క్యారీబ్యాగు ఒకటి లాగింది. దాని లోపల ఇంకొకటి. ముడి పంటితో విప్పింది. ముసలాయన ఆధార్ కార్డు ఉంది, డెల్టాలో ఒక ఊరి చిరునామాతో. "ఆ గట్టు మీద ఇప్పుడు గుడిసెలు లేవు. రోడ్డు పోశారు" అన్నాడు. చిన్నమ్మ ఆధార్ ఫొటో మాసిపోయి ముఖం తెలియడం లేదు. కోడలికి ఆధార్ అసలు తీయించలేదు. పాత రేషను కార్డు ఒకటి ఉంది, అది ఎప్పుడో పనిచేయడం మానేసింది. మొంథా తుపాను వారంలో, అంటే 2025 అక్టోబరు చివర్లో, ఆసుపత్రిలో పుట్టిన ఉయ్యాల బిడ్డ డిశ్చార్జి చీటీ ఉంది. మాస్టారు దాన్ని వెలుగులో పెట్టి చదివారు. "దీని పుట్టుక ఆసుపత్రి రిజిస్టర్లో ఎక్కి ఉంటుంది. పేరు చేర్పిస్తే చాలు. పన్నెండు నెలల లోపయితే రుసుము కూడా ఉండదు."

"మరి ఈ పిల్ల?" అక్క అటుకుల పిల్లను చూపించింది.

"ఈ పిల్ల ఆసుపత్రిలో పుట్టలేదు" అంది చిన్నమ్మ.

"ఎక్కడ పుట్టింది?"

"ఈడనే. ఆ బోరు పక్క చెట్టు కింద అప్పుడు గుడిసె. బస్సుల్లేవు, ఆటోల్లేవు. రోడ్డు మీద పోలీసులు. కాయ కొనే నాథుడు లేక చెట్టు మీదే పండి రాలిపోయిన ఏడు. పక్క తోటలో మా వదిన బొడ్డు కోసింది."

లాక్‌డౌన్. 2020. అక్క నోటుబుక్కులో రాయబోయి ఆగింది. "కోతలు మొదలయ్యాక పుట్టిందా, కాకముందా?"

"అయ్యాక. రసాలు కోస్తన్నారు. కాదు కాదు, బంగినపల్లి అయిపోవచ్చింది."

"సూది మందు వేయించారా?"

చిన్నమ్మ ఆలోచించి, మళ్లీ లేచి వెళ్లి, మంచం కింద రేకు పెట్టె తీసి, దానడుగున పరిచిన చీర గుడ్డ ఎత్తింది. మడతల దగ్గర చిరిగిపోయిన టీకాల కార్డు. చెమటకో నీళ్లకో సిరా అలుక్కుపోయింది. మాస్టారు కళ్లజోడు సవరించుకుని వెలుగు పక్కకు వాల్చి పట్టుకున్నారు. తల్లి పేరు సగం కనిపిస్తోంది. తేదీలో నెల ఆరు, సంవత్సరం 2020. కింద ఉప కేంద్రం ముద్ర, నీలం రంగు, అరచందమామంత. ఆ ముద్రలో ఉన్న ఊరు ఈ మండలంలోదే.

అక్క ఆ కార్డును రెండు చేతులతో తీసుకుంది. "చిన్నమ్మా, ఇది ఎవరికీ ఇవ్వకు. నాకు కూడా ఇవ్వకు. ఫొటో తీసుకుంటా, అంతే."

ఈ కార్డు విలువ తెలియాలంటే ఈ కుటుంబం ప్రభుత్వానికి ఎలా కనిపిస్తుందో తెలియాలి. పైన తాటాకు కప్పు ఉంది కాబట్టి జనగణన దృష్టిలో వీళ్లు ఇల్లు లేనివారు కారు. 2011 ఫిబ్రవరి 28 రాత్రి ఇల్లు లేనివారిని లెక్కించినప్పుడు చూసింది ఫుట్‌పాత్‌లు, రైల్వే ప్లాట్‌ఫారాలు, గుడి మండపాలు, తూములు. గుడిసెలో ఉన్నవాళ్లు గుడిసెలో ఉన్నట్టే. గ్రామ సచివాలయానికి వెళ్తే లెక్క తిరగబడుతుంది. అక్కడ ప్రతి కుటుంబాన్నీ ఏదో ఒక సచివాలయం పరిధిలో చేర్చాలి. హౌస్‌హోల్డ్ మ్యాపింగ్ అంటారు. దానికి డోరు నంబరు అడుగుతారు. తోటలో గుడిసెకు డోరే లేదు. మ్యాపింగ్ లేకపోతే రేషను కార్డు లేదు, నెలకు నాలుగు వేల వృద్ధాప్య పింఛను లేదు, ఇంటి స్థలం దరఖాస్తు లేదు. రాష్ట్రంలో ఏ షాపులోనైనా బియ్యం తీసుకోవచ్చన్నది నిజమే, ఊళ్లు తిరిగే ఇలాంటివాళ్లకు అంతకంటే మంచి ఏర్పాటు ఇంకొకటి లేదు. దానికి ముందు కార్డు ఉండాలి.

ఒక లెక్కలో ఇల్లున్నవాళ్లు, ఇంకో లెక్కలో ఇల్లు లేనందుకే ఏమీ దక్కనివాళ్లు. ఈ రెంటి మధ్య యానాదులు ఏళ్ల తరబడి నలిగిపోతున్నారు. ఇది ఒక తోట సంగతి కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2011 నాటికి యానాదులు 5 లక్షలకు పైనే ఉన్నారు. చెంచుల్లాగా, కొండరెడ్లలాగా వీళ్లకు ప్రత్యేక ఆదిమ తెగ హోదా లేదు, ఆ తెగల ఇళ్లకోసం వచ్చిన పథకాలు వీళ్లకు వర్తించవు. ఏజెన్సీలో లేరు, మైదానంలో చెదిరిపోయి ఉన్నారు.

పిల్ల సంగతికి వస్తే, జనన నమోదు చట్టం ప్రకారం పుట్టుకను ఎక్కడ పుడితే అక్కడే రాయించాలి. ఏడాది దాటితే ఒకప్పుడు ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటు కోర్టుకు వెళ్లాల్సి వచ్చేది. 2023 అక్టోబరు 1 నుంచి అమల్లోకొచ్చిన సవరణతో జిల్లా మేజిస్ట్రేటో, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటో, జిల్లా మేజిస్ట్రేటు అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటో ఉత్తర్వు ఇస్తే సరిపోతుంది. ఇక్కడివాళ్లకు తిరువూరు డివిజను ఆఫీసు. కోర్టు గుమ్మం కంటే ఆ గుమ్మం దగ్గర. అంటే ఆరేళ్ల పిల్లకు వచ్చే జనన ధ్రువపత్రమే ఈ కుటుంబానికి విస్సన్నపేట పేరుతో మొదటి కాగితం అవుతుంది. మిగతావన్నీ దాని వెనక కట్టాలి. అక్క లైటు వెలుగులో ఆ కార్డును అంత జాగ్రత్తగా పట్టుకుంది అందుకే.

"పేర్లన్నీ ఎందుకమ్మా రాసుకోటం?" ముసలాయన గొంతులో బెరుకు.

"నీకు పింఛను ఇప్పించడానికి బాబాయ్. ఇంకెందుకూ కాదు."

"పోలీసులకు కాదుగా?"

మాస్టారు ఏదో అనబోయి మానేశారు. ఆ భయానికి వయసు చాలా ఎక్కువ. 1871లో ఇంగ్లీషువాళ్లు తెచ్చిన నేరస్థ జాతుల చట్టం మద్రాసు ప్రెసిడెన్సీకి 1911లో వచ్చింది. పుట్టుకతోనే కొన్ని కులాలవాళ్లు దొంగలని రాసేసి, వేలిముద్రలు తీసుకుని, హాజరు వేయించారు. యానాదుల్లోనూ కొందరిని ఆ జాబితాకు ఎక్కించారు. వాళ్ల పక్షాన నిలబడినవాడు నెల్లూరుకు చెందిన వెన్నెలకంటి రాఘవయ్య. యానాదుల సంఘంతో ఊరూరా తిరిగాడు, ఆ చట్టం పోవాలని పోరాడాడు. మద్రాసులో 1947లో అది రద్దయింది, దేశమంతటా 1952 ఆగస్టు 31న. ఆయన యానాదుల మీద పుస్తకమూ రాశాడు. 1973లో పద్మభూషణ్ వచ్చింది. శ్రీహరికోటలో రాకెట్ కేంద్రం కోసం దీవిని తీసుకున్నప్పుడు ఖాళీ చేయాల్సి వచ్చినవాళ్లలో యానాదులున్నారు. వేలిముద్ర వేయమంటే అప్పుడూ ఇప్పుడూ ఏదో పోతుందనే అనుమానం. అక్క స్టాంప్ ప్యాడ్ సంచిలోంచి తీయనే లేదు. ఈ పూట అవసరం లేదనుకుంది.

చీకటి పడింది. పొయ్యిలో నిప్పు ఎగదోసి చిన్నమ్మ టీ పెట్టింది. వద్దంటే బాధపడుతుంది. పాలు లేని టీ, బెల్లం వేసింది. గ్లాసు పట్టుకుని అక్క మాట మార్చింది.

"కోతలయ్యాక ఎటు బాబాయ్?"

"మళ్లీ డెల్టా. చేపల చెరువు మీదికో, నాట్లకో."

"షావుకారుతో లెక్క తేలుతదా?"

ఆయన నిప్పు వైపు చూస్తూ చెప్పాడు. పూతకు ముందే పాతిక వేలు తీసుకున్నాడు, కోడలి కాన్పు అప్పు తీర్చడానికి. నెలకు ఇంత అని జమ వేస్తారు. వారం సరుకుల డబ్బు అందులోంచే పోతుంది. కాయ దొంగలు పడితే, కోతులు కొరికితే ఆ మాట కూడా లెక్కలోకి వస్తుంది. లెక్క షావుకారు పుస్తకంలో ఉంది.

"మొన్న మీ తోడల్లుడి కూతురు పెళ్లికి వెళ్లారా?"

"వెళ్లాం."

"అందరూ?"

కాసేపు ఆగాడు. "ఒకళ్లనైనా ఉంచి వెళ్లాలిగా. కోడల్నీ పిల్లల్నీ ఉంచి వెళ్లాం."

అక్క ఇంకేమీ అడగలేదు. నోటుబుక్కు కూడా తెరవలేదు. కానీ ఆ మాట మాస్టారికీ తగిలింది, నాకూ తగిలింది. 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టం ప్రకారం అడ్వాన్సు తీసుకున్నందుకు కదలడానికి వీల్లేకుండా పని చేయాల్సి వస్తే అది వెట్టి. బలవంతపు చాకిరీ అని తేలితే దాని వెనక బాకీ ఉందనే అనుకోవాలి, లేదని రుజువు చేసుకోవాల్సింది పని చేయించుకునేవాడే అని 1983లో బంధువా ముక్తి మోర్చా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ రాష్ట్రంలో ఆ చట్టాన్ని కాగితం మీంచి పొలం గట్ల మీదికి నడిపించిన అధికారిగా ఎస్.ఆర్. శంకరన్‌ను ఇప్పటికీ తలుచుకుంటారు. 2010లో ఆయన పోయాక కూడా ఎందరో కార్యకర్తలు ఆయన పేరు చెప్పుకునే ఆఫీసు మెట్లెక్కుతారు.

ఇది వెట్టేనా? తేల్చాల్సింది విచారణ. విడుదల పత్రం చేతికొస్తే తక్షణ సాయం 30 వేల దాకా ఉంటుంది. మిగతా పునరావాసం మగవారికి లక్ష, మహిళలకూ పిల్లలకూ రెండు లక్షలు, మరీ ఘోరమైన కేసుల్లో మూడు లక్షలు. ఆ పెద్ద మొత్తం మాత్రం నేరం రుజువయ్యాకే. వినడానికి బాగానే ఉంది. అర్జీ పెట్టిన రాత్రి ఈ కుటుంబం ఎక్కడ పడుకుంటుంది? గుడిసె తోటది. తోట షావుకారి గుత్తలో ఉంది. పనీ పడకా ఒకటే అయినచోట హక్కు అడగడమంటే కప్పు కింది నుంచి లేచిపోవడమే. అందుకే అక్క ఆ రాత్రి వెట్టి అన్న మాటే ఎత్తలేదు. ఆమె చేసింది సరైనదే అని నా నమ్మకం. నిలబడడానికి ఇంత నేల దొరికాకే ఈ లెక్కల పుస్తకం తెరిపించాలి. ముందు స్థలం.

గుడిసెలోంచి బయటికొచ్చాక ముసలాయన మాతో డొంక దాకా నడిచాడు. అక్క అడిగితే చేత్తో చూపించాడు. ఈ డొంక పొడుగునా ఎవరెవరు, ఎన్ని గుడిసెలు. మాస్టారు ఫోను వెలుగులో ఒక బొమ్మ గీశారు: బోరు, ట్రాన్స్‌ఫార్మరు, ఎండిన కుంట, తోటల గట్లు. "రెండు కాదు మాస్టారూ, ఆ మూల మూడు. మూడోది మొన్న పెళ్లయిన కుర్రోడిది" అని దిద్దాడు. మొత్తం తొమ్మిది గుడిసెలు. ఏటా పూతకు వచ్చి కోతలయ్యాక పోయే తొమ్మిది కుటుంబాలు. కొందరు పదేళ్లుగా ఇదే డొంకకు వస్తున్నారు. కొత్త జనగణనకు ఇళ్ల లెక్క 2026 ఏప్రిల్, సెప్టెంబరుల మధ్య, జనం లెక్క 2027 ఫిబ్రవరిలో. ఇళ్ల లెక్క జూన్ తర్వాత పడితే ఈ గుడిసెలు ఖాళీ, మనుషులు డెల్టాలో. ఈ బొమ్మ నకలు ఒకటి లెక్కలు రాసేవారికి ఇవ్వాలని మాస్టారు అప్పుడే అనుకున్నారు.

సోమవారం. మండల కేంద్రంలో అర్జీల రోజు. పదింటికే వరండా నిండింది. పాసు పుస్తకంలో సర్వే నంబరు తప్పు పడ్డవాళ్లు, పింఛను ఆగినవాళ్లు, గట్టు తగాదా వాళ్లు. వాళ్ల మధ్య తొమ్మిది కుటుంబాల నుంచి నలుగురు. మిగతావాళ్లు తోటల్లో ఉండాల్సిందే. ముసలాయన తెల్ల చొక్కా తొడుక్కున్నాడు, పెళ్లికి వేసుకున్నదే అయి ఉంటుంది. పిల్లను తోడు తెచ్చుకున్నాడు. చిన్నమ్మ రాలేదు, డబ్బా ఆమె చేతిలో ఉంది.

అక్క మూడు అర్జీలు రాయించింది. పిల్ల జనన నమోదు ఒకటి, టీకాల కార్డు నకలు, బొడ్డు కోసిన వదిన వాంగ్మూలం జత చేసి. తొమ్మిది కుటుంబాలనూ ఈ మండలంలోనే మ్యాపింగ్ చేయాలని ఇంకొకటి. మూడోది ఇంటి స్థలం. 2020 డిసెంబరు 25న రాష్ట్రమంతటా ఇళ్ల పట్టాలు పంచడం మొదలుపెట్టి, పల్లెల్లో సెంటున్నర చొప్పున, సుమారు 30 లక్షల మంది మహిళల పేరున ఇచ్చామన్నప్పుడు ఈ చిన్నమ్మలు ఏ జాబితాలోనూ లేరు. పేరు రాసుకోవడానికి వచ్చినవాళ్లకు కనిపించే గడప వీళ్లకు ఏ ఊళ్లోనూ లేదు. ఇప్పుడు పల్లెల్లో మూడు సెంట్లు అన్నారు. ఈసారైనా జాబితాలో ఉండాలి.

కంప్యూటరు ముందు కూర్చున్న కుర్రాడు ఓపికగానే అడిగాడు. "డోరు నంబరు?"

"లేదండి. తోట" అన్నాడు ముసలాయన.

"ఇది లేకపోతే ముందుకు వెళ్లదు పెదనాన్నా."

మాస్టారు బొమ్మ ముందు పెట్టారు. కుర్రాడు దాన్ని తిప్పి చూసి, ట్రాన్స్‌ఫార్మరును గుర్తుపట్టాడు. లేచి లోపలికి తీసుకెళ్లాడు. బడి సంగతి ఈలోపే తేలింది. వయసు ధ్రువపత్రం లేదని ఏ బడీ పిల్లను కాదనకూడదని 2009 నాటి విద్యాహక్కు చట్టంలోని 14వ సెక్షన్ చెబుతుంది. జూన్‌లో చేరుస్తానని మాస్టారు పిల్ల ఎదుటే మాటిచ్చారు. కానీ జూన్‌లో తోట ఖాళీ అవుతుంది. నాయనమ్మ అయినా ఇక్కడ ఉండగలిగితేనే పిల్ల బడిలో ఉంటుంది. మళ్లీ అదే, స్థలం.

తహసీల్దారు అర్జీలు చదివి, అక్కతో మాట్లాడకుండా నేరుగా ముసలాయన్ని అడిగారు. "ఏం పెద్దాయనా, స్థలం ఎక్కడ కావాలి నీకు?"

వరండాలో అక్క ఆయనకు ఏమీ నేర్పలేదు. నేను పక్కనే ఉన్నాను. ఆయన చేతులు కట్టుకుని, గొంతు సవరించుకుని చెప్పాడు.

"ఎక్కడైనా పర్లేదండి, నీళ్లుంటే చాలు. తొమ్మిది ఇళ్లోళ్లకీ ఒక్కచోటే ఇప్పించండి. తలా ఒక ఊళ్లో ఇస్తే ఎవరూ ఉండలేమండి, మళ్లీ తోటల్లోకే పోతాం. ఒకచోట ఉంటే ముసలోళ్లం పిల్లల్ని చూసుకుంటాం, వయసోళ్లు పనికి పోయి సాయంత్రానికి వస్తారు."

"షావుకారు రానిస్తాడా సాయంత్రానికి?"

"ఇల్లుంటే వస్తారండి."

తహసీల్దారు అర్జీ పక్కన రాశారు. సర్వేయరును పంపి ప్రభుత్వ భూమి చూడమని, మ్యాపింగు సంగతి పంచాయతీ కార్యదర్శితో మాట్లాడమని. ముద్ర పడింది, రసీదు నంబరు వచ్చింది. అక్క రసీదును జిప్పు కవర్లో పెట్టి, దాన్ని ఇంకో కవర్లో పెట్టి ముసలాయన చేతికిచ్చింది. ఆయన దాన్ని చొక్కా లోపల దోపుకుని, వెళ్లబోయి, మళ్లీ బల్ల దగ్గరికి వచ్చాడు.

"అయ్యా, సర్వేయరుగారు వచ్చేది ఒక రోజు ముందు చెప్పించండి. కాపలాకి మనిషిని పెట్టుకుని రావాలి. ఈ వారంలో అయితే బేస్తవారం వద్దు, లోడు ఉంది."